ఆఫీసర్ల బాత్రూం తాళం

సభకు పెద్దగా కూర్చున్న చైర్మన్ పద్మనాభయ్య గారికి, నెల్లూరు నుంచి పనులు మానుకుని వచ్చిన ముఖ్య అతిథి గారికి, ఇందుకూరుపేట చుట్టుపక్కల నుంచి ఎండన పడి వచ్చిన అక్కలకి, అన్నలకి, ఈ క్లినిక్కులో నాతోపాటు చాకిరీ చేసిన నా వాళ్లకి ముంతాజ్ బేగం నమస్కారం. శాలువా కప్పినారు, దండేసినారు, సంతోషం. మన ఎండలకి శాలువా కప్పాలని ఎవరికి తోచిందో గాని, కాసేపు తీసి పక్కన పెడతాను, ఏమనుకోవద్దు. (నవ్వులు)

నా ముందు మాట్లాడినవాళ్లంతా ముంతాజ్ సిస్టర్ ఊరూరా తిరిగి పెద్దపేగు క్యాన్సర్ పరీక్షలు చేయించింది, క్లినిక్కుకి పేరు తెచ్చింది అన్నారు. పేరు సరే, ఆ పరీక్ష ఎట్టా చేస్తారో ఒక్కరూ నోరు తెరిచి చెప్పలేదే. దొడ్డికి పోయినప్పుడు, అది నీళ్లలో, మట్టిలో కలవకముందే పుల్లతో ఇంత తీసి, చిన్న సీసాలో పెట్టి మాకు ఇయ్యాల. కంటికి కనపడని రక్తం ఉంటే అందులో బయటపడుతుంది. తొందరగా పట్టుకుంటే ప్రాణం దక్కుతుంది. ముక్కు మూసుకోకండి సార్, మీకూ ఆ పేగు ఉంది. (నవ్వులు)

అదుగో, ఫ్యాను కింద కూర్చున్న కామమ్మక్క. ఆమెను అడిగే ఈ సంగతి చెప్తున్నాను. "చెప్పు సిస్టరూ, సిగ్గుపడాల్సింది నేనా?" అనింది. ఆమె, మొగుడు రొయ్యల గుంటల కాడ కాపలా షెడ్డులో ఉంటారు. అక్కడ గట్టు చాటే దిక్కు. గట్టు మీద ఈ సీసా, పుల్ల పట్టుకుని ఎట్టా తిప్పలు పడేది, ఆసుపత్రిలోనే ఇచ్చేస్తానని ఒకరోజు పొద్దున్నే నడిచొచ్చింది. మన క్లినిక్కులో మంచి బాత్రూం ఉంది. దానికి తాళం కూడా ఉంది. ఆఫీసర్లు వచ్చినప్పుడు వాడేదంట. తాళంచెవి అడిగితే, "వీళ్లకిస్తే పాడు చేస్తారు సిస్టర్" అన్నారు. ఎవరన్నారో చెప్పను, ఆయన ఇప్పుడు సెల్లు చూసుకుంటున్నారు. (నవ్వులు)

కామమ్మక్క ఖాళీ సీసాతో తిరిగి పోయింది. నేను షెడ్డు దాకా పోయి పిలిస్తే, "ఒకసారి వచ్చి తలొంచుకుని పోయినాను, చాలమ్మా" అనింది. మరుసటి ఏడు కళ్లు తిరిగి పడిపోతే ఆటోలో తెచ్చినారు. అప్పటికి గడ్డ ఎదిగిపోయింది. ఆపరేషన్ చేసి పొట్ట మీద సంచి పెట్టినారు, ఇక బతికినన్నాళ్లూ మలం అందులోకే. ముందే పట్టుకుని ఉంటే ఈ సంచి తప్పేదేమో అని డాక్టరు గారు అన్నప్పుడు నాకు కడుపు మండిపోయింది. ఇప్పుడూ మండుతానే ఉంది. పరీక్షకు రండి రండి అని ఆటోకి మైకు కట్టి అరిచేది మనమే, వచ్చిన మనిషి మొహాన తలుపేసేది మనమే. ఎన్ని మీటింగుల్లో మొత్తుకున్నా "చూద్దాం సిస్టర్" అన్నారు. చూస్తానే ఉన్నారు.

సరే, రిటైరయ్యే రోజు ఎందుకులే అని మంచి మాటలే రాసుకొచ్చినాను, ఇదిగో కాగితం. కానీ ఇందాక సభ మొదలవక ముందు కామమ్మక్క నా చెవిలో, "సంచి నిండింది సిస్టరూ, ఆ గది తీయిస్తావా" అనింది. అటెండరు మస్తానయ్యను అడిగితే, "అతిథి గారి కోసం ఇప్పుడే కడిగించినారక్కా, ఆయన పోయొచ్చినాక తీస్తా" అన్నాడు. మస్తానయ్య మీద నాకు కోపం లేదు, అతనికి చెప్పిన మాట అతను చెప్పినాడు. నేను చెయ్యి చాపినాను, నా మొహం చూసి తాళం, చెవి రెండూ చేతిలో పెట్టినాడు. కామమ్మక్క పోయొచ్చింది. అతిథి గారూ, ఆమె తర్వాతనే మీరు పోయొచ్చినారు. గది శుభ్రంగా ఉందని నాతోనే అన్నారు. (చప్పట్లు)

పద్మనాభయ్య గారూ, సభ అయినాక ఆ తాళం కోసం ఎవరినీ వెతికించొద్దు. నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. శాలువా ఈ బల్ల మీద పెట్టి పోతున్నాను, కామమ్మక్కకు కప్పండి. తాళం మాత్రం నేను ఇంటికి తీసుకుపోతాను, నా సర్వీసుకి అదే సన్మానం. ఓపిగ్గా విన్నారు, అందరికీ కృతజ్ఞతలు. సెలవు.