మొరగని కుక్క

ఏంది వంశీ, డాక్టర్ ఇంకా రాలేదా? మొయినాబాద్ దాటిందంటనా? ఆ రోడ్డు సంగతి నీకెరుకే గద, సగం తవ్వి ఇడిసిపెట్టిండ్రు, ఎప్పుడొస్తదో ఏమో. కూసో, గా అరుగు మీద కూసో. నువ్వు అటు ఇటు తిరిగితే గుర్రం ఇంకింత బెదురుతది. చాయ్ తాగుతవా? వద్దా? కండ్లల్ల నీళ్లేందిర? దుమ్మా. సరే, దుమ్మే గావచ్చు, ఈ టిప్పర్లు తిరిగిన కాడికెల్లి అన్నం గిన్నెల గూడ దుమ్మే. గుర్రం కాలుకు తీగ కోసుకున్నదన్నవు గద. కనకమామిడిల ఫామ్‌హౌస్ కంచె తీగ. ఊఁ. ఫోటోలకు తీస్కపోయినప్పుడు. పెండ్లి కాకముందే పిల్ల, పిల్లగాడు గుర్రమెక్కి ఫోటోలు దిగుడు! మా కాలంల పెండ్లయినంక గూడ పెండ్లాం మొఖం సక్కగ చూడనీకె నాకు దసరా దాక పట్టింది. అది గూడ ఆమెనే ముందుగాల చూసింది.

తీగ అంటే నాకు కరుణమ్మ యాదికొస్తది. నీకు తెల్వది, ఆమె పోయి చానా ఏండ్లాయె. మార్కెట్ యార్డుల నేను గుమాస్తా చేసినప్పుడు మా ఆఫీసు ఊడ్చేది, కుండల నీళ్లు నింపేది. బీఏ చదివిన నేను ఒక సంగతి చెప్పవడితే పది సంగతులల్ల పడి కొట్టుకపోత. ఆమె చెప్తే సూదిల దారం ఎక్కిచ్చినట్టు ఉండేది. ఇది ఆమె చెప్పిందే, నా కవిత్వం ఏం లేదు. ఆమె మొగడు ఎజ్రా. చేవెళ్ల చుట్టుపట్టు పెండ్లి బరాత్‌కు గుర్రం గావాల్నంటే ఎజ్రానే. తెల్లటి ఆడగుర్రం, దానికి పాలపిట్ట అని పేరు వెట్టిండు. "తెల్ల గుర్రానికి నీలం పిట్ట పేరేందిర" అంటే, "పొద్దుగాల దీని మొఖం చూసినోనికి పెండ్లి కుదురుతది పటేలా" అనేటోడు. మా తమ్ముడు రోజూ చూసిండు, ఏం కుదరలే, అది వేరే. పిల్లలు లేరు వాండ్లకు. కరుణమ్మ ఉలువలు ఉడకవెట్టి, సల్లారవెట్టి, అరచేతుల పోసి తినిపిచ్చేది. దాని మూతి తాకితే చక్కిలిగిలి అయితదని ఒక్కతే నవ్వుకునేది.

మామిడికాయలు దిగే ఎండకాలం. సురంగల్‌ల ఒక పెండ్లి బరాత్ చేస్కొని, పొద్దున గుర్రాన్ని నడిపిచ్చుకుంట ఎజ్రా ఇంటికొచ్చిండు. వెనక కాలు చీరుకపోయింది, నెత్తురు గిట్ట దాక కారి ఎండిపోయింది. "ఏమైందయ్యా?" అంటే, "తీగ. కంచె తీగ కోసుకున్నది." అన్నడు. నీళ్ల గోలెం కాడికి పోయి చేతులు కడుగుతున్నడు. కడిగి, తుడుసుకొని, మల్ల సబ్బు వెట్టి కడుగుతున్నడు. ఈమె నెత్తురు తుడుస్తమని గుర్రం కాలు కాడ కూసున్నది. ముక్కుకు ఘాటు కొట్టి తుమ్మొచ్చింది. వేలుతోని అద్ది చూస్తే కారం. పుండు నిండ కారప్పొడి. ఇగ ఆమెకు అక్కడ్నే సమజైంది. ఎందుకంటే, మనకాడ కారం ఏ పుండుకు వెడ్తరు వంశీ? తీగ కోస్తే పసుపు వెడ్తరు. కొడవలి తెగితే గడ్డిచామంతి ఆకు పిండుతరు. కారం వెట్టేది కుక్క కరిస్తెనే.

"ఏమయ్యా, కుక్కనా?" అని సన్నగ అడిగింది. ఎజ్రా ఆమె చెయ్యి వట్టి ఇంట్లకు గుంజుకపోయి తలుపేసిండు. చెరువు కట్ట కింద, కోడి ఈకలు పారబోసే జాగల ఎదురొచ్చిందంట. "మొరిగితే రాయి తీసుకుందును కరుణా. అది మొరగలే. దవడ ఏలాడేసుకొని, చొంగ కార్చుకుంట, నా దిక్కు గూడ చూడకుంట సక్కగొచ్చి పాలపిట్ట కాలు వట్టింది." వాడు చెప్తుంటే పండ్లు టకటక కొట్టుకుంటున్నయంట. "నోరు జారకు. పిచ్చికుక్క అని తెలిస్తే ఊరంత కట్టెలు వట్టుకొనొస్తరు. నా పాలపిట్టను కొట్టి సంపుతరు. ఆ రోగం పేరు తీస్తెనే అది నిజమైతది. యేసయ్య మీద ఒట్టు." ఆమె తల ఊపింది.

గుర్రం కాలు మోపుతలేదు. పశువుల దవాఖాన దాక ఎట్ల నడుస్తది? అందుకని డాక్టర్‌నే ఇంటికి తోలుకొచ్చిండు. గంగాధరరావు సారు. కోస్తా దిక్కాయన, బక్కగ, అద్దాలు, స్కూటర్. చేవెళ్లల ఎజ్రాను గారూ అన్న మొదటి మనిషి ఆయననే. "ఏమండీ ఎజ్రా గారూ, దెబ్బ ఎలా తగిలిందండీ?" అంటే, ఎజ్రా వెనకకు తిరిగి చూసిండంట, ఇంకెవడన్న నిలవడ్డడేమోనని. "తీగ సార్." "తీగైతే ఒకే గీతగా చీరాలి కదండీ, ఇదేంటి రెండు వైపులా గుంటలున్నాయి? ఈ ఎర్రదేంటి?" "ముండ్ల తీగ సార్. అది కుంకుమ సార్." సారు ఊఁ అని చేతితోని ఒకసారి తడిమిండు. బర్రెలకు, ఆవులకు సూదులేసిన మనిషి, గుర్రం కొత్త. ఎప్పుడు తంతదో అని సగం చూపు గిట్ట మీదనే ఉన్నది. గ్లౌజు వేసుకోవోతే పర్రున చినిగింది, తీసి జేబుల వెట్టుకున్నడు. "పర్లేదులెండి. కడిగి కుట్లు వేసేద్దాం. అమ్మా, వేణ్ణీళ్లు కాస్త దగ్గరగా పట్టండి."

కరుణమ్మ తపేల వట్టుకొని వంగింది. అప్పుడు కనవడ్డది సారు బొటనవేలు. దానికి పట్టీ ఉన్నది, తడిసి సగం ఊడింది, కింద పచ్చి గాయం. ఆమె చూసుడు చూసి ఆయననే నవ్విండు. "ఆవకాయకి కాయలు కొట్టానమ్మా, మా ఆవిడ ఊరెళ్లింది. సాయంత్రం కొత్తావకాయతో ముద్దలు కలిపి పెడతానని మా పాపకి మాటిచ్చాను." నవ్వుకుంట ఆ పట్టీ పీకేసిండు. ఇగ చూడు. పుండు గిక్కడ, బొటనవేలు గక్కడ, నడుమ జానెడు జాగ. గుర్రం కాలుకు అవతల ఎజ్రా తాడు వట్టుకొని ఆమెనే చూస్తున్నడు, కండ్లతోనే బతిలాడుతున్నడు. ఆమె చేతుల తపేల వణికి నీళ్లు ఒలుకుతున్నయి. "భయపడకండమ్మా, ఏం చేయదు" అంటున్నడు సారు, ఆమె గుర్రానికి భయపడ్తున్నదనుకొని! నిజం చెప్తే గుర్రం పోతది, మొగడు మొఖం చూడడు, ఊరు మీద వడ్తది. చెప్పకపోతే గీ మనిషి ఇంటికి పోయి, గా వేలుతోనే బిడ్డకు ముద్ద కలుపుతడు. సారు మల్ల చెయ్యి చాపిండు.

"సారూ, చెయ్యి తియ్యి."

ఎజ్రా "నోర్ముయ్యవే!" అని ఒర్లిండు. గుర్రం ఎగిరిపడ్డది. ఆమె ఆగలే. "తీగ గాదు సారూ. కుక్క." "కుక్కా? ఏం కుక్కమ్మా?" "మొరగని కుక్క."

సారు తిట్టలే, కొట్టలే. మొఖంల నెత్తురు లేదంతే. లేసి గోలెం కాడికి పోయిండు, సబ్బు తీసుకున్నడు. కడుగుతున్నడు, కడుగుతున్నడు, కడుగుతనే ఉన్నడు. పొద్దున ఎజ్రా ఎట్ల నిలవడ్డడో గట్లనే నిలవడ్డడు, వెనకకెల్లి చూస్తే ఇద్దరు ఒక్కతీరుగనే కనవడ్డరని కరుణమ్మ అన్నది. మల్లొచ్చి, "ఎజ్రా గారూ, మీ చేతులు చూపించండి" అన్నడు. కళ్లెం తాడు కోసి వేళ్ల సందులల్ల పగుళ్లు. కారం నింపింది ఆ చేతులే గద! "కుట్లు వేయకూడదండీ. సబ్బుతో కడిగి వదిలేద్దాం, దీనికీ సూదులు వేద్దాం. మనం ముగ్గురం ఇప్పుడే వెళ్లి వేయించుకోవాలి. ఆ రోగం వచ్చేలోపే మందు. వచ్చాక లేదు." ఎజ్రా తన చేతులు తనే తిప్పి తిప్పి చూసుకున్నడు. పొద్దటి సంది వాని భయమంత గుర్రానికే. తనకు గూడ పానం ఉన్నదని అప్పుడు యాదికొచ్చింది.

ఊరు కట్టెలతోని రాలే. సారే ఇల్లిల్లు తిరిగి, కొట్టొద్దని అందరికి నచ్చజెప్పిండు. గుర్రాన్ని వేరే కొట్టంల కట్టేసిండ్రు. అరచేతుల తినిపిచ్చిన మనిషి, కట్టెతోని దాణా తట్ట ముందుకు నూకేది. అది మూతి చాపేది, చెయ్యి ఏది అన్నట్టు. పొద్దుగాల లేవంగనే నీళ్లు వెట్టి దూరం నిలవడి చూసేది. తాగుతదా, తాగదా? తాగితే ఆ పొద్దు గడిసినట్టు. సారు గూడ దవాఖానకు పోయేటప్పుడు స్కూటర్ ఆపి, "తాగిందామ్మా?" అని అడిగి, తన బొటనవేలు తనే చూసుకొని పోయేటోడు. వానలు పడ్డంక ఒకపొద్దు నీళ్లల్ల మూతి వెట్టింది గని మింగలేకపోయింది. మాపటికి కొట్టం దుంగలు కొరికింది. సూదులేసినా ఆగలే మరి, ఎందుకో సారుకే తెల్వది. మోచేతుల దాక గ్లౌజులేసుకొని ఆయననే వచ్చి సూదేసి మల్ల లేవకుంట పండవెట్టిండు. ఎజ్రా గోడకు తల కొట్టుకున్నడు.

సారుకు ఏం గాలే. ఎజ్రాకు, కరుణమ్మకు ఏం గాలే. గని వాడు చానా దినాలు పెండ్లాంతోని సక్కగ మాట్లాడలే. "నువ్వు పేరు తీసినవ్, అది నిజమైంది" అనేటోడట. మరి నువ్వేమన్నవ్ కరుణమ్మా అని అడిగిన. "ఏమనలే పటేలా. అన్నం వెట్టిన. తిట్టుకుంట తిన్నడు. తిట్టనీకె మనిషి ఉన్నడు గద" అన్నది.

అగో, హారన్. వచ్చినట్టున్నది. గీతాంజలి మేడమే గద? మొన్న మా బర్రెకు సూదేయనీకె వచ్చినప్పుడు గాజులు తీసి, పట్టుకో తాతా అని నా చేతులకిచ్చింది. చిన్నపిల్ల. నువ్వెందుకు లేస్తలేవు? ఆ కన్ను మల్ల రుద్దకు, ఇంకింత మండుతది. గోలెం కాడ సబ్బున్నది, ముందుగాల చేతులు కడుక్కో వంశీ, నీ గోళ్ల సందుల ఎర్రగ కనవడ్తున్నది. పో. గేటు నేను తీస్త.