దౌలత్ బీ గిన్నె బొంత

“నీ మూలమట్టం తీసకపోయి యాడన్నా గోడకు పెట్టుకో పో! నా గుడ్డ మీద పెట్నావంటే అదే ఇనుముతో నీ మోకాలిచిప్ప కొలుస్తా!” ఇట్ల అరిసిందమ్మే మీ నానీ దౌలత్ బీ, మీ అమ్మను కన్న తల్లి. ఎవుర్ననుకున్యావు? తన మొగున్ని, మీ నానానే. ఇంట్లో గాదు, వాకిట్లో. ఓర్వకల్లు పొయ్యే ఆటో ఆగిపాయె, డ్రైవరు తల బయట పెట్టి సినిమా చూసినట్ల చూస్తాండె. నువ్వు పొద్దున్నించి ఆ సెల్లులో తెప్పిచ్చుకున్న ప్లాస్టిక్ స్కేళ్లు ముందరేసుకోని, ‘మద్దమ్మవ్వా, చుక్క బొంతకు ఏ స్కేలు మంచిది, రెక్కకు అచ్చు దేంతో కోయాల’ అని నా పానం తింటాండావే, ఆ పొద్దు ఆ ఇంట్లో కొట్లాట కూడా దానికే. కూచో ఆస్మా. ఆ కత్తెర పక్కన పెట్టు, ఊరికే అట్ల కిచకిచలాడిచ్చగాకు, నాకు పండ్లు జివ్వుమంటాయి.

అప్పుడు నువ్వు మీ అమ్మ షాహీనా కడుపులో ఉంటివి. కాన్పుకని మీ అమ్మ ఈడికొచ్చింది, బిడ్డ పుట్టి నడుం కట్టుకున్యాక మల్ల ఎర్రగుంట్లకు తోలాల. తోలేటప్పుడు బిడ్డను పుట్టింటోళ్లు కుట్టిన బొంత మీద పండబెట్టి పంపాల గదా, రెండిండ్ల పెద్దోళ్ల పాత బట్టలతో కుట్టింది. సరే, అందరూ కుట్టేదే. మీ నానీ కూడా చదరం చదరం బొంతలు ఎన్ని కుట్టిందో. అయితే మీ నాయన తల్లి ఉండ్లా, మీ దాదీ హుసేన్ బీ, ఆమె మీ అమ్మ పెండ్లిలోనే ఒక మాట అనేసింది. ఆకు నముల్తా నముల్తా, ‘మీ దిక్కు బొంతలంటే గోనెపట్టలే గదా వదినా, మా ఎర్రగుంట్ల కాలనీలో అందరూ ఫ్యాక్టరీ దుప్పట్లు కప్పుకుంటారు, మీ పిల్లకు అయి ఎట్ల అలవాటయితాయో ఏమో’ అన్యాది. నవ్వుకుంటానే అన్యాది. మీ నానీ కూడా నవ్వింది. నవ్వి ఇంటికొచ్చి నా దగ్గర కూచోని, ‘మద్దీ, నా బిడ్డ ఆ ఇంట్లో తలెత్తుకోని తిరగాల. ఎనిమిది రెక్కల చుక్క కుడ్తా. ఆమె నోట్లో ఆకు నోట్లోనే ఉండిపోవాల’ అనె. అదమ్మా సంగతి. బిడ్డ కోసరం బొంత అని పేరు గానీ, అది ఆ ఇంట్లో మీ అమ్మ మర్యాద.

అప్పుడు మొదలాయె స్కేళ్ల కత. మీ అమ్మ బళ్లో వాడిన కొయ్య స్కేలు ఉండె, అది అంచంతా కొరికి పెట్టింటిరి, మీ అమ్మే, లెక్కలు రాకుంటే స్కేలు తినేది. దాంతో గీత గీస్తే ఏరు పారినట్ల వస్తాది. టైలర్ల టేపు తెచ్చిరి, అది సాగిపోయుండె. మీ నానీ దాన్ని రెండు చేతులతో గుంజి చూసి, ‘ఇది నా మొగుని మాట మాదిరి ఉండాది, ఎంత గుంజితే అంత వస్తాది’ అని అవతల పారేసె. అప్పుడు నన్ను తోడు పిల్చుకోని కర్నూలు పోయి, పుస్తకాల అంగట్లో ఇనుప స్కేలు అడిగె. ఆ అంగడాయప్ప ఒకటిచ్చె. మీ నానీ ఏం చేస్తాదో తెల్సా? ఆయప్ప బల్ల మీద ఉన్న కాగితం గుంజుకోని ఒక గీత గీస్తాది, స్కేలు తిరగేసి అదే గీత మీద మల్ల గీస్తాది. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి కూచుంటే స్కేలు మంచిది, నడుమ ఎలుతురు కనపడితే వంకర. ఒకటి చూసె, వంకర. ఇంగొకటి, వంకర. అంగడాయప్పకు చెమట పడ్తాండె. ‘అమ్మా, పదో తరగతి పిల్లోళ్లే ఇన్ని గియ్యరు, నువ్వు బొంతకు ఇంత చేస్తాండావేందమ్మా!’ అంటే, ‘వాళ్లకు మార్కులు పోతాయప్పా, నాకు బిడ్డ మర్యాద పోతాది’ అనె. ఆఖరికి ఒకటి కుదిరె. ఇనేవాళ్లకు నవ్వొస్తాది గానీ, నువ్వు కూడా నీ ప్లాస్టిక్ స్కేలును ఒకసారి తిరగేసి చూడు. ఆ, చూడు. ఏమాయె? ...సర్లే, పక్కన పెట్టు దాన్ని.

ఇంగ అచ్చు. పెండ్లి పత్రిక అట్ట కోసి చూసె, నాలుగు రెక్కలు గీసేలోపల మూల మెత్తబడి మొద్దుగా అయ్యె. నూనె డబ్బా రేకు కోసె, అది వేలు కోసె. అప్పుడు మా ఇంటికొచ్చి గోడకు తగిలిచ్చిన ఎక్సురే చూసింది. మా ఆయప్ప, నా మొగుడు సోమన్నది, దగ్గు పోలేదని తీపిచ్చింది. నల్లగ, గట్టిగ, కింద గుడ్డ పువ్వులు కనపడేట్ల. మీ నానీ కండ్లు చూడాల నువ్వు! ‘అన్నా, నీ దగ్గు తగ్గింది గదా’ అనె. మా ఆయప్ప పాపం, ‘తగ్గిందిలే దౌలతూ’ అన్యాడు. అంతే, చంకలో పెట్టుకోని పాయె. ఎక్సురేను కోసి, రెక్క అచ్చు ఒకటి, చదరం అచ్చు ఒకటి చేసింది. రెక్కలు ఎనిమిది కలిపితే చుక్క, చుక్క సందుల్లో చదరాలు కూచోవాల. మా ఆయప్ప పక్కటెముకలన్నీ రెక్కలోకి పోయినాయి. తర్వాత డాక్టరు పాత ఎక్సురే ఏది అనడిగితే, మా ఆయప్ప నిజమే చెప్పినాడు, ‘బొంతలో ఉండాది సార్’ అని. డాక్టరు మా ఆయప్పను ఇంగో పరీక్షకు రాసిచ్చినాడు, తలకాయకు.

ఈడికొస్తాడు మదార్ సాహెబ్. మీ నానా బండలు పరిచే పనిలో ఈ తాలూకాలోనే పేరున్నోడు. ఆయన పరిస్తే నేల మీద గోలీ పెడ్తే గోలీ కదల్దు. ఆయనకేమి బాధంటే, పెండ్లాం తనను ఒక మాట అడగకుండ మూలలు కొలుస్తాండాదే అని! దినామూ పనినుంచి వచ్చి చెయ్యి కూడా కడుక్కోకుండ మూలమట్టం తీసుకోని బొంత కాడికి పోయేది. దాని తుప్పు గుడ్డకంటేది. ఆ పొద్దు అరుపు దానికే. మూలమట్టంతో ఆగిపోయింటే బాగుండు. ఇంగో మాట ఎత్తుకున్యాడు: ‘ఒసేయ్, ఎనిమిది ముక్కలు ఒక చోట కలుస్తాండాయి. నడుమ సందు ఇడ్సకుంటే ఆఖరి ముక్క యాడ కూచుంటాది? బండ ఎప్పుడూ నూలువాసి చిన్నదిగా కోయాల, సందులో సిమెంటు పోయాల.’ మీ నానీ నెత్తి కొట్టుకుంది. ‘అది బండ, ఇది గుడ్డ. బండకు సందులోకి సిమెంటు పోతాది. గుడ్డకు కుట్టులోకి గుడ్డే పోతాది. నేను కుట్టు కోసరం ఎక్కువ ఇడ్సాల, నువ్వు తక్కువ చెయ్యమంటాండావు. పో, నీ ఒంటెలు కాసుకో పో’ అనె. ఆయప్పకు ఒంటెలు యాడుండాయి, ఉత్త కోపం మాట. ఆయప్ప పాయె గానీ, ఆ ఆఖరి ముక్క ఆయప్ప గుండెలో కూచునింది. రేపు వియ్యపురాలి ముందర బొంత కుదరకుంటే బిడ్డ నగుబాటు గదా అని ఆయప్పకు నిద్ర లే.

మీ నానీ నీళ్లకు పోయినప్పుడు, ఆయప్ప కత్తెర తీసుకోని రెక్క అచ్చును చుట్టూరా నూలువాసి కత్తిరిచ్చినాడు! ప్రేమతోనే తల్లీ. బండల లెక్క ప్రకారం. చదరం అచ్చును కూడా కత్తిరిచ్చాలనుకున్యాడు, అంతలోకే బిందె చప్పుడాయె. పెట్టేసినాడు. రెండూ కత్తిరిచ్చింటే బొంత ఒక పిడికెడు చిన్నదయ్యేది, అంతే. ఒకటి కత్తిరిచ్చి ఒకటి ఇడ్సినాడు. ఆడ ఉండాది మాయ.

మీ నానీకేం తెల్సు, రెక్కలన్నీ ఆ అచ్చుతోనే గీసె, కోసె, కుట్టె. చుక్క లడ్డు మాదిరి కుదిరె. అప్పటికి నువ్వు పుట్టి గుక్క పట్టి ఏడుస్తాండావు, రేపు మిమ్మల్ని తోలాల. చదరాలు పెట్టి చూస్తే, అయి పెద్దగ ఉండాయి, రెక్కలు చిన్నగ ఉండాయి. చదరాలు కుచ్చులు పోతాండాయి. మీ నానీ కండ్లు తుడ్చుకోని మల్ల చూసె. ‘మద్దీ, నా కండ్లు పోయినాయే’ అనె నాతో. నేను ఆమెను అట్ల ఎప్పుడూ చూడలే. ఇప్పేసి మల్ల కుట్టనీకి టైమేది? గుడ్డను లోపలికి తోసి తోసి కుట్టి, చుట్టూ అంచు పట్టీ బిగిచ్చి కుట్టేసె. పట్టీ బిగిచ్చేసరికి ఏమాయె, బొంత నాలుగంచులూ పైకి లేసె, నడుం కిందికి దిగె. పరిస్తే పరుసుకోదు. నేల మీద పెద్ద గిన్నె పెట్టినట్ల కూచునింది. మీ నానా వచ్చి చూసినాడు. చూసి, దొడ్లోకి పోయి ఎనుముతో మాట్లాడతా నిలబన్యాడు.

ఎర్రగుంట్లలో మీ దాదీ బొంత ఇప్పింది. ఇరుగుపొరుగోళ్లంతా కూచోనుండారు. నేను కూడా పోయినా లే, ఇట్లాంటిది ఎందుకు ఇడ్సుకుంటా. మీ దాదీ చూస్తాది, చేత్తో ఒత్తుతాది, అంచు పైకి లేస్తాది. ‘వదినా, ఇదేంది, బొంతా టోపీనా?’ అనె. మీ అమ్మ మొగం పాలిపాయె. మీ నానీ ఒక్క చిటిక కూడా ఆలోచన చెయ్యలేదమ్మే. నిన్ను తీసుకోని నడిమిట్లో పండబెట్టె. నువ్వు ఆ గుంతలో ఇట్ల ఒదిగిపోయి, ఏడుపు ఆపి, నోరు చప్పరిచ్చుకుంటా పండుకుంటివి. ‘గిన్నె బొంత వదినా. మా దిక్కు పెద్దింటోళ్లు బిడ్డలకు ఇదే కుడ్తారు. పొర్లినా పడరు. ఫ్యాక్టరీ దుప్పట్లో ఇది యాడొస్తాది?’ అని, ఆకు తీసి తనే నోట్లో ఏసుకునింది! పక్కింటామె, ‘అవున్నే, ఎంత బాగ పండుకుందో’ అనె. ఇంగ అందరూ అవునంటే అవును. మీ అమ్మ మొగం మీదికి నెత్తురొచ్చె. వచ్చేటప్పుడు బస్సులో మీ నానీ నా చెయ్యి పట్టుకోని కిటికీలోకి చూస్తా వణికింది, నవ్వో ఏడుపో నాకు తెలీలే.

ఆడికే అయిపోయింటే ఎంత బాగుండు. మల్లా ఏడాదికి మీ చాచీ, అంటే మీ దాదీ రెండో కోడలు, నీళ్లాడింది. మీ దాదీ కబురు పంపె, ‘ఆ బిడ్డకూ ఒకటి కుట్టి పంపు వదినా’ అని. మీ నానీ పాత రెక్క అచ్చు మూలలు అరిగిందని, ఆ ఎక్సురేలో మిగిలిన ముక్కతో కొత్తగా రెక్క అచ్చు కోసి, కండ్లద్దాలు పెట్టుకోని, ఎంతో జాగ్రత్తగా కుట్టె. ఎంత బాగొచ్చిందంటే, తాంబాళం మాదిరి చదునుగా వచ్చె! పంపె. వారం తిరక్కుండ మీ అమ్మ ఏడ్చుకుంటా ఫోను చేసె, మా ఎదురింట్లో అప్పుడు ల్యాండు ఫోనుండె. ‘అమ్మా, అత్త తిడ్తాండాది. తన కూతురు బిడ్డకు గిన్నె బొంత కుట్టి, మా చిన్నకోడలు బిడ్డకు చప్పట బొంత పంపుతుందా మీ అమ్మ, ఇంత పక్షపాతమా అంటాండాది. తోడికోడలు నాతో మాట్లాడటం లేదు.’ చూడు! బాగ కుట్నందుకు వచ్చిన తిట్లు! ఇప్పుడు ఆ తప్పు మల్లా చెయ్యాల, ఆమెకేమో ఆ తప్పు ఎట్ల చేసిందో తెల్దు. చదరం పెద్దది చేసి చూసె, ఎక్కువై కుచ్చులు ముడుసుకుపోయె. అంచు బిగిచ్చి చూసె, మూట అయ్యె. అన్నం తినలే. మదార్ సాహెబ్ చూస్తాండాడు, గడ్డం గోక్కుంటాండాడు, చెప్పడు. చెప్తే పెండ్లాం ఇడ్సిపెడ్తాదా? చెప్పకుంటే ఆడ బిడ్డ ఏడుస్తాండాది. మనిషి సగమైనాడు.

అప్పుడొకనాడు మా ఎర్రకోడి చెత్త తిప్పలో గెల్కుతా గెల్కుతా నల్ల పీలిక ఒకటి గుంజె, వానపాము అనుకోని. ఎంత గుంజినా తెగదు. మీ నానీ పోయి దాని నోట్లోంచి లాక్కొని ఎండకు పట్టి చూసె. ఎక్సురే! మా ఆయప్ప పక్కటెముక తునక! అచ్చు అంచు పొడుగునా కత్తెరతో కోసిన పీలిక, తను కోయలే, ఆ ఇంట్లో ఇంగ కోసేది మొగుడొక్కడే. తర్వాత ఏం చేసిందంటే, అరవలే, కొట్లాడలే. అచ్చులు రెండూ కిటికీలో మొగుని కంట్లో పడేట్ల పెట్టి, కత్తెర పక్కనే పెట్టి, గట్టిగ, ‘మద్దమ్మ ఇంటికి మజ్జిగకు పోతాండా, రానీకి ఆలస్యమయితాది’ అని చెప్పి వచ్చేసె. వచ్చి నా రెక్క పట్టుకోని గోడెనక్కి గుంజకపాయె. ఇద్దరం తొంగి చూస్తాండాం. ఆయప్ప అటు చూసె, ఇటు చూసె. నీళ్ల గాబు పక్కన గొంతుక్కూచోని, నాలుక బయటపెట్టి, రెక్క అచ్చును చుట్టూరా కత్తిరిస్తాండాడు, మంగలాయప్ప మీసం దిద్దినట్ల. నాకు నవ్వు ఆగలే. మీ నానీ నా నోరు మూసె. నా చెవిలో అంటాది, ‘నవ్వితే సంపుతా. ఆయప్పకు చెప్పినావంటే నా మీద ఒట్టు. చూడు, బిడ్డ కోసరం ఎట్ల కూచోనుండాడో. ఈ ఇంట్లో అన్నీ నేనే చేసినా అంటా ఉంటా. ఇదొకటి ఆయప్ప చేసినాడు, ఆయప్ప దగ్గరే ఉండనీ.’ ఆయప్పకు చెప్పద్దనింది మల్ల. నీకు చెప్పద్దనలేదులే.

రెండో గిన్నె బొంత పోయింది, మీ దాదీ నోరు మూతబడింది, కాలనీ కాలనీ అడిగింది. అడిగినప్పుడల్లా మీ నానీ కొత్త రెక్క అచ్చు కోసి కిటికీలో పెట్టడం, మజ్జిగకు రావడం. నాకు మజ్జిగ తోడు పెట్టీ పెట్టీ చేతులు పాయె. ఎప్పుడన్నా కొట్లాటయితే ఆయప్ప మొగం మీదే అనేది, ‘ఈ ఇంట్లో ఎలకలు కూడా లెక్క తప్పకుండ కొరుకుతాయి బాబూ’ అని. ఆయప్ప దగ్గుకుంటా బయటికి పొయ్యేది. కరోనాకు శానా ముందే పాయె మీ నానీ, మధ్యాన్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటా కడుక్కుంటా. ఇప్పుడు మీ నానాకు కండ్లు ఆనవు, కట్టె పట్టుకోని దినామూ వచ్చి ఈ అరుగు మీద కూచుంటాడు. అంతా చెప్పుకున్యాడు నాతో, కత్తెర సంగతి, చిన్నపిల్లోని మాదిరి. చెప్పి ఒకటే అడుగుతాడు: ‘మద్దమ్మా, దానికి తెలుసునంటావా? తెలీకుండనే పోయింటే నేను దాన్ని మోసం చేసినట్ల. తెలిసే ఉండింటే, అన్నేండ్లు నన్ను ఎర్రోన్ని చేసినట్ల.’ నేను టీ పెడ్తా అని లోపలికి పోతా, ఇంగేం చేద్దు? ఒట్టు ఏసింది మనిషి. ఇదో, కట్టె చప్పుడు, వస్తాండాడు. నువ్వే చెప్పు తల్లీ, మీ నానీకి తెలుసు అంటే ఆయప్ప నవ్వుతాడా, ఏడుస్తాడా?