కొండవైపు నడిచిన దడి

రెండువేల ఇరవై రెండు, చలి మొదలైన కాలం. ఆదివారం పొద్దున, ఇనుప గనులున్న బైలాడీలా కొండ కింది బచేలిలో, రాంప్రసాద్ టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని రామనర్సయ్య తన దడి కథ మొదలుపెట్టాడు. ఎదురుగా ముయా నిలబడి ఉన్నాడు. ముయా కథ వినడానికి రాలేదు. ఒక్క మాట అడిగి పోదామని వచ్చాడు.

ఆ మాట ఇదీ. వాళ్ళిద్దరివీ పక్కపక్క క్వార్టర్లు. ముయా పెరట్లో ఒక జీలుగు చెట్టుంది. అక్కడివాళ్ళు సల్ఫి అంటారు. కూతురు మంగ్లీ పుట్టిన ఏడు ఊరి నుంచి మొక్క తెచ్చి నాటాడు. పన్నెండేళ్ళు ఎదురుచూస్తే ఈ ఏడు మొదటి గెల వేసింది. వరికోతలకని పదిహేను రోజులు సెలవు పెట్టి ఊరికెళ్ళి, నిన్న సాయంత్రం తిరిగొచ్చేసరికి రెండు పెరళ్ళ మధ్య మనిషెత్తు రేకుల దడి లేచి ఉంది. చెట్టు దడికి అవతల, రామనర్సయ్య వైపు ఉంది. బుధవారం ముయా మేనమామ సుక్కా వచ్చి చెట్టెక్కి కుండ కట్టాలి. మొదటి కల్లు చనిపోయిన పెద్దలకు పొయ్యాలి. అంతదాకా అది ఎవరి నోట్లోనూ పడకూడదు. ఇంకొకరి దడిలో ఉన్న చెట్టు కల్లు తన పెద్దలు తీసుకుంటారా? రాత్రంతా ముయా ఇదే ఆలోచించాడు.

"దాదా, ఆ దడి..." అన్నాడు.

"ఆఁ, దడి గురించే చెప్తున్న. కూసో తమ్మీ. రాంప్రసాదూ, ముయాకో చాయ్ పొయ్యి."

ముయా కూర్చున్నాడు. ఇంట్లో అతనిది గోండి, సంతలో హల్బి, పనిలో హిందీ. తెలుగు నాలుగోది. తెలుగు ఫిట్టర్ల కింద పదేళ్ళు పనిచేసి నేర్చుకున్నాడు. మాటలన్నీ అర్థమవుతాయి. మాట వెనక మనిషి ఏమనుకుంటున్నాడో తెలియడానికే కొంచెం ఆలస్యమవుతుంది. అందులోనూ రామనర్సయ్య మాట. డంపర్ నడిపే మనిషి, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. వయసులో పెద్ద. పెద్దవాళ్ళు బల్ల మీద కూర్చుని చెప్పే మాట ముయా ఊళ్ళో నిజమే అవుతుంది.

"మా కృష్ణకుమారి అడిగింది," అన్నాడు రామనర్సయ్య. "దొడ్లో నీళ్ళు పోసుకుంటే నాలుగిండ్లకు కనపడుతున్న, ఓ చాటు కట్టించవా అని. మనకు కట్టించుడేంది, మనమే కడతం. పోయిన ఆదివారం కాక ఆ ముందు ఆదివారం గడ్డపార పట్టిన. పది గుంతలు తియ్యాలె. కూలోడు లేడు, సాయం లేదు. ఒక్కణ్ణే మధ్యాహ్నం బువ్వ టైముకు మూడు తీసిన."

"ఆ రాతి నేలలో మూడా?" అన్నాడు సునీల్. కొత్తగా చేరిన ఫిట్టరు, ఆదివారం కథ కోసమే టీ కొట్టుకు వస్తాడు.

"మూడంటే తియ్యొచ్చు," అన్నాడు రాంప్రసాద్ గ్లాసులు కడుగుతూ. "అందులో ఏముంది చాచా."

నమ్మేశారు. అది రామనర్సయ్యకు నచ్చలేదు. బల్ల మీద ఇంకొంచెం ముందుకు జరిగాడు.

"మూడు సంగతి ఇడిసిపెట్టు. నాలుగోది ఇను. గడ్డపార ఎత్తి ఒక్క పోటు పొడిచిన. దిగింది. మళ్ళ రాలే! ఎట్లొస్తది? మన నేల ఏంది? కింద అంతా ఇనుమే కదా. గడ్డపారా ఇనుమే. చిన్నప్పుడు విడిపోయిన అన్నదమ్ములు కలిసినట్టు పట్టుకున్నయి రెండూ. నేను లాగిన, రాలే. మా ఇంటిది నా నడుం పట్టుకుని లాగింది, రాలే. పాలాయన బర్రెను తోలుకుని పోతుంటే బర్రెకు కట్టి లాగిచ్చిన. బర్రె నాలుగు లీటర్ల పాలు అక్కడికక్కడ ఇడిచింది గని గడ్డపార రాలే. ఆఖరుకు డంపర్‌కు తాడు కట్టి గేరేసిన. అప్పుడేమైందో తెలుసా?"

"వచ్చిందా?" అన్నాడు ముయా. తెలియకుండానే అడిగేశాడు.

"వచ్చుడేంది, సాగింది! ఇటు డంపర్ గుంజుతుంది, అటు నేల గుంజుతుంది, నడుమ గడ్డపార మైసూర్‌పాకు పాకం లెక్క సాగి సాగి అరవై మూరలైంది. దాన్నే పది ముక్కలు కోసి పాతిన. మరి నా దడికి పైపులు ఎక్కడియనుకున్నరు? కొన్ననా?"

"పాత ఇనుము అమ్మే కబాడీ కొట్టు నుంచి ఆటోలో దిగినట్టున్నాయి కాకా," అన్నాడు సునీల్. "నేను చూశాను."

"అవి రేకులు. నువ్వు రేకులు చూసినవు."

ముయా టీ గ్లాసు పట్టుకుని లెక్క వేశాడు. గడ్డపార బొటనవేలంత లావుంటుంది. దడికి పాతిన పైపులు పిడికిలంత లావున్నాయి. సాగితే సన్నబడాలి కదా? అడగాలనుకున్నాడు. కానీ అతను వచ్చిన మాట అది కాదు. అసలు మాట ఎక్కడ పెట్టాలో దారి దొరకడం లేదు.

"దాదా, నువ్వు దడి ఎప్పుడు..."

"అదే చెప్తున్న. ఎప్పుడు బిగించిననంటే, అదే పూట. రేకులు నిలబెట్టిన. మేకులు కొట్టాలె. సుత్తె కోసం ఇంట్లోకి పోయెలోపల ఆలోచనొచ్చింది. ఈ గాలిలోనే ఇనుము గుంజే గుణం ఉన్నది కదా, సుత్తె ఎందుకు? మేకుల సంచి మూతి ఇప్పి, కృష్ణకుమారీ వంగు అని ఒక్క కేక పెట్టిన. వంగింది కాబట్టి బతికింది. సంచిలోని రెండు కిలోల మేకులు తేనెటీగల లెక్క లేచి, ఒక్కోటి దాని చోటు అది చూసుకుని, టప టప టప రేకులకు దిగినయి. కళ్ళు మూసి తెరిచేలోపల దడి రెడీ. కాకపోతే ఒక తప్పు జరిగింది. వెనక వీధిలో ఒకాయన గడ్డం గీయించుకుంటుండె. మంగలాయన చేతిల కత్తి కూడా లేచొచ్చి నా దడికి గుచ్చుకుంది. పాపం ఆయన సగం గడ్డంతోనే డ్యూటీకి పోయిండు."

టీ కొట్టు ముందు నవ్వులు లేచాయి. ముయా కూడా నవ్వాడు, అందరూ నవ్వుతున్నారని. నవ్వుతూనే అనుకున్నాడు, ఇది నవ్వే మాటా? అందరికీ అబద్ధమని తెలిస్తే ఎందుకు వింటున్నారు? నిజమైతే ఎందుకు నవ్వుతున్నారు?

"చాటు బాగా కుదిరిందా మరి?" అన్నాడు రాంప్రసాద్.

"ఏం చాటయ్యా! అంత చాటు కుదరకూడదు అసలు. సోమవారం పొద్దున సూర్యుడు లేచిండు, అన్ని దొడ్లకు ఎండ ఇచ్చిండు, మా దొడ్డి ఎక్కడుందో కనపడక పోయిండు. మా కోడి ఇంకా తెల్లారలేదనుకుని మూడు రోజులు కూయలే. చేపల కూర వండితే వాసన దడి దాటలేక మళ్ళ గిన్నెలోకే పోయింది, కూర రెండింతల రుచి. మా ఇంటిది సోమవారం నీళ్ళు పోసుకోవడానికి పోయి బుధవారం బయటికొచ్చింది. నేను పిలుస్తున్నా ఇనపడలే. ఇదంతా ఒకెత్తు, ఎలుగుబంటి ఒకెత్తు."

"ఎలుగు కూడా వచ్చిందా!"

"కొండ దిగొచ్చింది. రోజూ మా దొడ్డి గుండానే కిందికి పోయేది. అది దాని దారి. చూస్తే దడి. సందు కోసం దడి పొడుగునా నడిచింది. అటు చివరికి పోయింది, ఇటు చివరికొచ్చింది, మూడు రోజులు తిరిగింది. కాళ్ళు బొబ్బలెక్కి, ఆఖరుకు నా అరుగు మీద కూలబడి చేతుల్లో మొహం పెట్టుకుంది. నాకు జాలేసింది. బీడీ ఇచ్చిన."

"ఎలుగు బీడీ తాగిందా కాకా?"

"ఛ, తాగలే. అబద్ధమెందుకు చెప్పాలె. చెవి సందున పెట్టుకుని పోయింది."

సునీల్ బల్ల మీద పడి నవ్వాడు. ముయా గ్లాసు కింద పెట్టాడు. ఈసారి గట్టిగానే అన్నాడు.

"దాదా, నా చెట్టు. సల్ఫి. అది నీ దడి లోపలున్నది. బుధవారం సుక్కా మామ వస్తున్నడు."

నవ్వులు ఆగాయి. అందరికీ ఆ చెట్టు తెలుసు. గెల వేసిందని ముయా ఆ రోజు ఇదే కొట్టులో అందరికీ టీ పోయించాడు.

రామనర్సయ్య తల గోక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ముయా భుజం మీద చెయ్యేశాడు.

"అక్కడికే వస్తున్న తమ్మీ. అది చెప్పాలనే ఇంతసేపు చెప్తున్న. నేను దడి కట్టింది హద్దు మీదనే. తాడు పట్టి కట్టిన. నీ చెట్టుకు నాలుగు మూరలు ఇవతల. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంగళవారం చూస్తే దడి బెత్తెడు జరిగి ఉంది. నా కళ్ళేమో అనుకున్న. బుధవారం ఇంకో బెత్తెడు. అప్పుడు తెలిసింది. ఆ ఇనుము ఎక్కడ పుట్టింది? కొండ మీద. మన బైలాడీలా కొండ దానికి తల్లి. తల్లి కనపడుతుంటే పిల్ల కుదురుగా నిలబడుతదా? రోజుకింత, రోజుకింత కొండవైపు నడుస్తుంది. నేను ఆపలేదనుకుంటున్నవా? తాడు కట్టిన, తెంపింది. రాళ్ళు పెట్టిన, రాళ్ళను తోసుకుంటూ పోయింది. నేనూ మా ఇంటిదీ రేకులకు వీపులానించి నిలబడితే మమ్మల్నీ నూకింది, మా కాళ్ళతో నేల మీద గీతలు పడ్డయి. నాలుగు మూరలు పోయినంక చెట్టు లోపలికొచ్చింది. నేను చెట్టును తీసుకోలే తమ్మీ. దడి పోయింది. తల్లి మీద బెంగతో పోయింది. ఇనుమును ఏమంటం?"

రాంప్రసాద్ గిన్నె కింద మంట తగ్గించాడు.

ముయా చాలాసేపు ఆలోచించాడు. అతనికి కోపం రాలేదు. కోపం రావాలంటే ముందు విషయం అర్థం కావాలి. అతనికి నిజంగా అర్థం కాలేదు. దడి నడిస్తే నడవొచ్చు. తన ఊళ్ళో ఇంతకన్నా పెద్ద సంగతులు చెప్పిన పెద్దవాళ్ళున్నారు. తల్లి మీద బెంగా అర్థమవుతుంది. కానీ ఏదో ఒకటి తలకిందులుగా ఉంది. ఏమిటది?

బల్ల మీదున్న ఖాళీ గ్లాసులు మూడు దగ్గరికి లాక్కున్నాడు.

"దాదా, సమజ్ కాలే. నువ్వే చెప్పు," అన్నాడు. ఒక గ్లాసు బల్ల చివర పెట్టాడు. "ఇది కొండ. సూర్యుడు మునిగే దిక్కు. సహీ?"

"సహీ," అన్నాడు రామనర్సయ్య.

రెండో గ్లాసు మధ్యలో పెట్టాడు. "ఇది నీ ఇల్లు." మూడోది ఇవతల పెట్టాడు. "ఇది నా ఇల్లు. సూర్యుడు లేచే దిక్కు." చెంచా తీసి తమ ఇద్దరి గ్లాసుల మధ్య అడ్డంగా పెట్టాడు. "ఇది దడి."

అందరూ బల్ల మీదికి వంగారు.

"తల్లి అక్కడుంది," అన్నాడు ముయా కొండ గ్లాసు చూపిస్తూ. చెంచాను నెమ్మదిగా అటు జరిపాడు. అది రామనర్సయ్య గ్లాసుకు తగిలి టింగుమంది. "అంటే దడి నీ వంటింట్లోకి రావాలె. నీ మంచం కింది నుంచి పోవాలె. మరి ఇటెందుకొచ్చింది?" చెంచాను మళ్ళీ తన గ్లాసు వైపు తోశాడు. "తల్లి అటుంటే, దడి ఇటెందుకు నడిచింది దాదా?"

నిజంగానే అడిగాడు. జవాబు కోసం రామనర్సయ్య మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు.

ముందు రాంప్రసాద్ ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. తర్వాత సునీల్ అందుకున్నాడు. "తల్లి కోసం పోలేదు ముయా అన్నా! గెల చూసుకుని పోయింది!"

కొట్టు ముందు అందరూ పడి పడి నవ్వుతున్నారు. ముయా నవ్వలేదు. ఇంకా జవాబు కోసమే చూస్తున్నాడు. రామనర్సయ్య చెయ్యి చాపి కొండ గ్లాసును ఇటు తెద్దామన్నట్టు పట్టుకున్నాడు. కాసేపటికి వదిలేశాడు.

"పద," అన్నాడు లేచి.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టి, మంగళవారం సాయంత్రానికల్లా పది పైపులూ తనే పీకి, నాలుగు మూరలు వెనక్కి పాతాడు. సాయం చేస్తానన్నా ముయాను రానివ్వలేదు. కృష్ణకుమారి నీళ్ళ చెంబు ఇస్తే తాగి మళ్ళీ గడ్డపార పట్టాడు.

బుధవారం సుక్కా వచ్చాడు. నడుముకు కత్తి, చేతిలో కొత్త కుండ. చెట్టెక్కాడు. కుండ కట్టకుండానే దిగాడు.

గెల ఇంకా లేతగా ఉండగానే ఎవరో దాని కొన చెక్కారని చెప్పాడు. తాటిగెల చెక్కినట్టు, పలచగా, రోజూ కొంచెం కొంచెం. జీలుగు గెలను అలా ముట్టుకోకూడదు.

రామనర్సయ్య దడి పక్కనే నిలబడి ఉన్నాడు. అతనిది గోదావరి ఒడ్డు ఊరు. చిన్నప్పటి నుంచీ తాటిచెట్లు గీసే మనుషులను చూసినవాడు.

"తాటిచెట్టు లెక్కనే అనుకున్న," అన్నాడు.

గెల మొదలుదాకా ఎండిపోయింది. ఆ చెట్టు మళ్ళీ గెల వెయ్యడానికి రెండేళ్ళు పట్టింది.