క్లిక్కు కొట్టక ముందు

బందరు కాలువ గట్టు, పటమట దాటాక. 1974లో, కాలువకు నీళ్లు వదిలిన కొత్తలో ఒక ఉదయం. ఫోటో స్టూడియో సొలొమోను, ఆయన కూతురు మార్త నడుస్తున్నారు.

“మళ్లీ కెమెరా మీదికి పోయింది నీ చెయ్యి.”

“మీకెలా తెలిసింది నాన్నా? ఇటు చూడనైనా లేదుగా.”

“తోలు కేసు కిర్రుమంది. వదులు. నడు.”

“నడుస్తూనే ఉన్నా. పటమటలో బయల్దేరిన కాణ్ణించీ నడకే. ఒక్క ఫోటో లేదు. మరి కెమెరాలో ఫిలిం రోలు వేసుకు రమ్మన్నదెందుకు?”

“తియ్యాల్సింది కనిపిస్తే తియ్యడానికి.”

“ఇందాక కొంగ కనిపించింది. తియ్యనిచ్చారా?”

“దాన్ని నువ్వు చూస్తేగా! కనపడీ కనపడకముందే కెమెరా ఎత్తావు. కుడికాలి మీద నిలబడిందా, ఎడమకాలి మీదా?”

“అది... ఏమో.”

“అదే నేననేది. నీకంటే నీ చెయ్యి ముందు పరిగెడుతోంది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకో. గట్టు జారుడుగా ఉంది, అడుగు చూసుకుని వెయ్యి. అడుగు నెమ్మదిస్తే కళ్లూ నెమ్మదిస్తాయి. నాకు పని నేర్పింది ఈ గట్టేనే అమ్మాయ్.”

“పెళ్లిఫోటోలు తియ్యడానికి ఈ నడక దేనికి నాన్నా? దానికంటే డాక్టరు చెప్పినట్టు మీరు కంటి ఆపరేషను చేయించుకుంటే...”

“ఇప్పుడా మాటెందుకు?”

“ఎందుకంటే, మొన్న పెళ్లికూతుర్ని వదిలేసి పెళ్లికొడుకు పక్కన ఆ పిల్ల అక్కని నిలబెట్టారు.”

“మెల్లగా మాట్లాడు! నలుగురూ వింటే స్టూడియోకి తాళం వేసుకోవాలి. సొలొమోనుకి కళ్లు కనపడవట అంటే ఎవరొస్తారు? సరే, చెప్పు. ఏం కనిపిస్తోంది?”

“కాలువ. నీళ్లు.”

“ఎలాంటి నీళ్లు?”

“కొత్తనీళ్లు. ఎర్రగా, సుళ్లు తిరుగుతూ ఉన్నాయి. గుర్రపుడెక్క కొట్టుకుపోతోంది. ఇటుపక్క ఆకుమళ్లు. మళ్లకవతల తాటిచెట్లు. ఎవరో మనిషి, మళ్లకడ్డంపడి పరిగెత్తుకొస్తున్నాడు.”

“ఆకుమళ్లలో పరుగేంటి? మొలకంతా తొక్కేస్తాడు. ఎవడా తలకాయ లేనోడు?”

“తెలీదు. ఎర్ర బనీను... కాదు. నాన్నా, కాదు.”

“ఏంటి కాదు?”

“బనీను తెల్లదే. నెత్తురు నాన్నా అది. వెనక ఇంకొకాయన తరుముతున్నాడు, చేతిలో గొడ్డలి. ఇటే వస్తున్నారు. పదండి, వెనక్కి పోదాం!”

“వెనక్కి ఎక్కడికే? నాకు గట్టు అంచే కనపడదు.”

“నా చెయ్యి పట్టుకోండి. తొందరగా!”

“అయ్యా! అయ్యా, అడ్డం నిలబడండయ్యా! చంపేస్తున్నాడు!”

“పడిపోయాడు నాన్నా. మీ కాళ్ల దగ్గరే. భుజం... అమ్మో, భుజం తెగి వేలాడుతోంది.”

“వేలాడుతోందా, తెగిందా? సరిగ్గా చూసి చెప్పు.”

“తెగింది. కండ పైకి లేచింది. చెయ్యి ఊడలేదు, వేళ్లు కదుపుతున్నాడు.”

“నీ ఓణీ చింపు. గట్టిగా బిగించి కట్టు. అరిస్తే అరవనీ. ఏవయ్యా, ఎవరు నువ్వు?”

“పున్నయ్యనండి. వెంకటప్పయ్యగారి రెండోవాణ్ణి. అమ్మా! మెల్లగా అమ్మా! వచ్చేశాడు... దాచండయ్యా, మీకు పుణ్యముంటుంది.”

“తరిమేది ఎవరు?”

“మా అన్న.”

“జక్కయ్యా?”

“తప్పుకోండి, ఫోటో మేస్టారూ.”

“జక్కయ్యా, నువ్వేనా? గొంతు గుర్తుపట్టా. నీ పెళ్లికి ఫోటోలు తీసింది నేనేనయ్యా.”

“పెళ్లి ముచ్చట్లు తర్వాత. తప్పుకోండి. వాణ్ణి ముక్కలు కోసి కాలువలో కలిపితే గానీ నేను అన్నం ముట్టను.”

“తోడబుట్టినోణ్ణి!”

“తోడబుట్టాడు కాబట్టే ఒక్క దెబ్బకి వదల్ను. ఒరే పున్నిగా, లేవరా! ముసలాయన పంచె వెనక దాక్కుంటావా? లేచి రారా!”

“అన్నా, నేను కావాలని...”

“నోరు ముయ్యి! ఆ నోటితో అన్నా అన్నావంటే ముందు నాలిక కోస్తా. మేస్టారూ, ఆఖరుసారి చెబుతున్నా. మీరు అడ్డమొచ్చినా గొడ్డలి ఆగదు.”

“నేను కదలను.”

“కదలరా? మీ ఖర్మ!”

“నాన్నా! నాన్నా, దెబ్బ తగిలిందా? రాయి మీద పడ్డారు, మోచేయి చీరుకుపోయింది. ఏమండీ, మనిషేనా మీరు? కళ్లు కనపడని ఆయన్ని అలా తోసేస్తారా?”

“మార్తా!”

“కళ్లు కనపడకపోవడమేంటి?”

“కళ్లల్లో పొరలొచ్చాయి. మసగ్గా తప్ప ఏదీ కనపడదు ఆయనకి. మీ గొడ్డలి ఎక్కడుందో కూడా తెలీకుండా మీకు అడ్డం నిలబడ్డాడు. ఇప్పుడు కొట్టండి, రండి!”

“చెప్పొద్దన్నా కదే.”

“చెబుతా నాన్నా. ఊరందరికీ చెబుతా. జక్కయ్యగారూ, ఇదిగో కెమెరా. రోలు ఉంది. ఇంకొక్క అడుగు వేశారంటే క్లిక్కు కొడతా. మీ మొహం, ఆ గొడ్డలి, ఈయన నెత్తురు, అన్నీ పడతాయి.”

“తియ్యమ్మా.”

“ఆ?”

“తియ్యి. బాగా పడేట్టు తియ్యి. స్టేషన్లో ఇవ్వు, కోర్టులో చూపించు. నన్ను ఉరి తియ్యనీ. మా నాన్నని చంపినోణ్ణి జక్కయ్య నరికాడని నలుగురికీ తెలియాలి.”

“మీ నాన్నని...”

“అడుగు వాణ్ణే. నువ్వు ఓణీ చింపి కట్టు కడుతున్నావే, ఆ చేత్తోనే పార ఎత్తాడు. మా నాన్న నెత్తి మీద వేశాడు.”

“పున్నయ్యా, నిజమా?”

“వంతు నాదండయ్యా. నీళ్ల వంతు నాది. తూము తీస్తే నాన్న వచ్చి మూసేశాడు. ముందు అన్న మడి తడవాలన్నాడు. ఎప్పుడూ అన్నే. తిండికీ అన్నే ముందు, బట్టకీ అన్నే ముందు. నేను మళ్లీ తీశా. నాన్న చెంప మీద కొట్టాడు. నా చేతిలో పార ఉంది... లేపానా, లేపలేదా, నాకేం గుర్తులేదు. కింద పడిపోయాడు. తల నిండా నెత్తురు.”

“విన్నారా? ఇంకా కట్టు కడతావా అమ్మా? వదిలెయ్. నెత్తురంతా కారిపోనీ.”

“కట్టు ఇంకా సగంలోనే ఉంది నాన్నా. ఏం చెయ్యను?”

“కట్టు పూర్తిచెయ్యి.”

“తండ్రిని చంపాడు నాన్నా!”

“విన్నాను. ముడి బిగించు. బిగించావా? ఇప్పుడు లేచి జక్కయ్య వంక చూడు. కెమెరా వద్దు. ఊరికే చూసి నాకు చెప్పు.”

“ఏం చెప్పమంటారు? గొడ్డలి పట్టుకుని ఉన్నాడు.”

“అది ఆయనే చెప్పాడు. నువ్వు చూసింది చెప్పు. మన నడకలో చెప్పినట్టే.”

“ఇదేం మాటలు మేస్టారూ! పక్కకి జరగండి, నాకు పిచ్చెక్కుతోంది!”

“నిలబడున్నాడు నాన్నా. కుడిచేతిలో గొడ్డలి... పిడికిలి తెల్లగా పాలిపోయింది. మోకాళ్ల దాకా బురద. లుంగీ చిరిగింది. ఎడం కాలికి ఏదో గుచ్చుకుంది, ఆ కాలు కింద మోపలేకపోతున్నాడు. రొమ్ము మీద వేళ్ల అచ్చులున్నాయి, నెత్తుటివి.”

“ఎవరి వేళ్లు?”

“నాయేనమ్మా. మా నాన్న తల పట్టుకున్నా. ఆ చేత్తోనే రుద్దుకున్నా. ఆపమ్మా.”

“మొహం ఎలా ఉంది మార్తా?”

“ఆపమని చెబుతున్నానా!”

“ఏడుస్తున్నాడు నాన్నా. ఏడుస్తున్న సంగతి ఆయనకే తెలీదు. నోరు తెరుచుకునే ఉంది. గడ్డం నుంచి కారుతోంది. పున్నయ్య వంక చూడ్డం లేదు. ఆ భుజం చూడలేక పక్కకి చూస్తున్నాడు.”

“గొడ్డలి?”

“దించుతున్నాడు. నాన్నా, గొడ్డలి కిందికి దించాడు... కూలబడ్డాడు.”

“చిన్నప్పుడు నా వీపు మీదే పెరిగాడు మేస్టారూ వీడు. ఈ కాలవలో నేనే ఈత నేర్పా. వీణ్ణి నరికానా నేను? నేనేనా నరికింది?”

“అన్నా...”

“నువ్వు మాట్లాడకు. నా దగ్గరికి రాకు. వస్తే మళ్లీ ఏం చేస్తానో నాకే తెలీదు.”

“మార్తా, ఆ గొడ్డలి కాలువలోకి విసిరెయ్.”

“వేశా నాన్నా.”

“జక్కయ్యా, మీ నాన్న ఎక్కడున్నాడు?”

“ఆ తాటిచెట్ల దగ్గర, మా మళ్లోనే. ఇంట్లో వాళ్లకి ఇంకా తెలీదు. అమ్మకేం చెప్పను నేను?”

“ఒంటరిగా వదిలేసి వచ్చావా?”

“పిలిచా, పలకలేదు. తల ఎత్తితే వాలిపోయింది. గొడ్డలి కనబడింది, వీడు కనబడ్డాడు. అంతే. మేస్టారూ, ఒక్క మాట అడగనా?”

“అడుగు.”

“మా నాన్నకి ఒక్క ఫోటో కూడా లేదండి. నా పెళ్లికి కూడా నిలబడనన్నాడు, సిగ్గు. మీరొచ్చి ఒక్కటి తీస్తారా? పోలీసులు తీసుకుపోతే మళ్లీ ఆ మొహం చూస్తామో లేదో.”

“నాకు కళ్లు లేవని విన్నావుగా. మా అమ్మాయి తీస్తుంది.”

“నాన్నా, చచ్చిపోయిన మనిషినా? నేను తీసే మొట్టమొదటి ఫోటో అదా?”

“కావాలని అడుగుతున్నాడు కదమ్మా. పద.”

“నేనూ వస్తా. నాన్న కాళ్లు పట్టుకోవాలి నేను.”

“నువ్వు రావడానికి వీల్లేదు!”

“రానీ జక్కయ్యా. వెనకాల నడుస్తాడు. నా భుజం పట్టుకో పున్నయ్యా. నువ్వు నాకు దారి చెప్పు, నేను నిన్ను నిలబెడతా.”

తాటిచెట్ల పక్కన, తూము దగ్గర ఆకుమడి.

“అదుగో. ఒరిగిపోయి ఉన్నాడు చూడండి. నాన్నా! ఓ నాన్నా!”

“జక్కయ్యా, మీద పడకు. అమ్మాయిని పని చేసుకోనీ.”

“మొహం నిండా బురదమ్మా. ఉండు, కడుగుతా. అట్టా తియ్యొద్దు మా నాన్నని.”

“అయ్యో నాన్నా... నేను చేశానా ఇది? నా చేతులు నరికెయ్ అన్నా. ఇందాక సగమే నరికావు, నరికెయ్!”

“వాణ్ణి అవతలికి పొమ్మనండి మేస్టారూ! వాడి ఏడుపు వినలేను, చంపేస్తా వాణ్ణి!”

“ఇద్దరూ గట్టెక్కండి. పున్నయ్యా, అలా కూర్చో. జక్కయ్యా, నువ్విటు. మార్తా, దగ్గరికి వెళ్లావా?”

“వెళ్లా. తల ఇటుపక్క పగిలింది. నెత్తురు నల్లబడింది. నావల్ల కాదు.”

“అవుతుంది. నీ ఊపిరి నిలబడేదాకా ఆగు. వచ్చేవాళ్ల కోసం, పోయేవాళ్ల కోసం తొందరపడకు.”

“మొహం ఎలా పెట్టాలి?”

“ఏదీ పెట్టకు. ఉన్నట్టు చూడు. పెద్దాయన ఎలా ఉన్నాడు, చెప్పు.”

“ఒక చెంప బురదనీళ్లలో ఉంది, పెదాల అంచు దాకా. గడ్డం మాసింది, తెల్ల గడ్డం. నుదుటి మీద ముడతలు. కోపంగా లేడు నాన్నా, ఏదో అడగబోయినట్టుంది. చేతిలో మట్టిబెడ్డ. తూము మూయడానికి తీసింది కాబోలు.”

“ఫోకస్ చేశావా?”

“చేస్తున్నా. పెదాల మీద చేశా. మసగ్గా... ఇప్పుడు స్పష్టంగా ఉంది.”

“కొట్టు మరి.”

“...”

“మార్తా? క్లిక్కు వినపడలేదేం?”

“ఉండండి నాన్నా.”

“ఏమ్మా, తియ్యలేకపోతున్నావా? వద్దులే, పోనీ. మా నాన్నకి ఆ రాత లేదు.”

“మాట్లాడకండి. ఎవరూ మాట్లాడకండి. నాన్నా, గాలి వీస్తోందా?”

“లేదే. ఆకు కూడా కదల్డం లేదు.”

“మరి పెదాల దగ్గర నీళ్లు కదిలాయి.”

“చేప పిల్లేమో. సరిగ్గా చూడు. తొందరపడకు.”

“చూస్తున్నా. బుడగ లేచింది. పగిలింది. మళ్లీ... మళ్లీ లేచింది. జక్కయ్యగారూ, పరిగెత్తండి, మంచం పట్రండి! మీ నాన్న బతికే ఉన్నాడు!”