తాడు పట్టిన బామ్మర్ది

ఈదమ్మ పరుగెత్తింది. కట్టెలమోపు దారిలోనే పారేసింది, చీర మోకాళ్ల పైకి చెక్కుకునింది, తమ్ముడి గుడిసె కాడికి ఒకటే పరుగు. ఎందుకంటారా? చెప్తా, ఆ పిల్లోణ్ని ఇటు కూసోబెట్టండి ముందు. ఈదమ్మ మొగుడు బయ్యన్న. మన చెంచోళ్లలో తేనె దింపడంలో వాణ్ని మించినోడు లేడు. కొండ దరిన, ఆ నిలువు బండకు, పెద్ద తేనెపట్టు ఉంటాది కదా, నడుముకు మోకు కట్టుకుని గాల్లో వేలాడి కోసుకు రావాల. మరి పైన ఆ మోకు ఎవురు పట్టాల? పెళ్లాం తోడబుట్టినోడే పట్టాల. బామ్మర్దయితే అక్క బొట్టు పోతాదని చచ్చినా వదలడు. అదే సొంత తమ్ముడనుకో, వదిన మీద కన్నుండొచ్చు, ఎవురు చూసినారు? తాతల నాటి నుంచి అదే కట్టుబాటు.

బయ్యన్న ఏం చేసినాడంటే, బామ్మర్ది గురవణ్ని పిలవకుండా సొంత తమ్ముడు చిట్టెన్నను ఎంటబెట్టుకుని పోయినాడంట. ఆ మాట ఈదమ్మకు వాగు కాడ ఆడోళ్లు చెప్పినారు. ఎందుకు పిలవలేదంటే, బావకీ బామ్మర్దికీ ఆర్నెల్లుగా మాటల్లేవు. గురవడికి పులిగాడని కుక్క ఉండేది. తన గంజిలో సగం దానికి పోసేవోడు. ఆ కుక్కను బయ్యన్న అడక్కుండా వేటకు తోలుకుపోయినాడు, ఒక్కడే తిరిగొచ్చినాడు. కుక్క ఏది బావా అని అడిగితే, ఎటో పారిపోయింది, కుక్కే కదా అన్నాడంట. కుక్కే కదా అంట! ఆ ఒక్క మాటకు గురవడు మొగం తిప్పుకున్నాడు.

ఈదమ్మ పోయేసరికి గురవడు వింటికి నారి కడతా కూసున్నాడు. "తమ్ముడా, మీ బావ చిట్టెన్నను పెట్టుకుని దరి దిగినాడంట, లెయ్యి" అనింది. వాడు తలెత్తలేదు. "నన్ను పిలిచినాడా?" అన్నాడు. "నేను పిలుస్తున్నా కదరా. నాకు భయంగా ఉంది" అనింది. అంతే. ఏడవలేదు, తిట్టలేదు. గురవడు విల్లు కింద పెట్టినాడు. ఇంక చూడండి, అక్క ముందు తమ్ముడు ఎనక, కాసేపటికి తమ్ముడు ముందు అక్క ఎనక, ముళ్లని లేదు రాళ్లని లేదు, దారంతా ఈదమ్మ మైసమ్మా తల్లీ, మైసమ్మా తల్లీ అంటానే ఉంది.

దరి మీదికి పోతే ఏమైందంటే, పొగ సరిగా పట్టక పట్టు మొత్తం లేచింది. ఈగలు గుయ్యిమని నల్లగా కమ్ముకున్నాయి. చిట్టెన్న చెడ్డోడేం కాదు, అబద్ధం ఎందుకు చెప్పాల. మోకును చెట్టు మొదలుకు రెండు చుట్లు చుట్టి, కొస చేత్తో పట్టుకుని ఓపినంతసేపు ఓపినాడు. కళ్ల మీద కుట్టేసరికి కొస వదిలేసి అడివిలో పడి పారిపోయినాడు. వీళ్లు పోయేసరికి మోకు జరజరా జారతా ఉంది. ఒక చుట్టు ఊడింది. గురవడు ఎగిరి దాని మీద పడినాడు, కొస ఒడిసిపట్టి కాళ్లు బండకు తన్నిపెట్టినాడు. మోకు ఆగింది. కింద బయ్యన్న గాల్లో గిరగిరా తిరగతా ఉన్నాడు.

"ఎవురది పైన?" అని కేకేసినాడు. "నేనే బావా" అన్నాడు గురవడు. ఆర్నెల్లకు అదే మొదటి మాట. "లాగు గురవా, ఈగలు పీకతన్నాయి" అంటే, "లాగుతా, నా కుక్క ఏమైందో చెప్పు ముందు" అన్నాడంట. చూసినారా? వదలడు, లాగడు. ఈగలు గురవణ్ని మాత్రం విడుస్తాయా, ఒక కన్ను వాచి మూసుకుపోయింది, చెయ్యి మాత్రం కదల్లేదు. "లాగినాక అడగరా" అని ఈదమ్మ మొత్తుకునింది. "పైకొస్తే చెప్పడక్కా" అన్నాడు. ఈదమ్మకు అదీ నిజమే అనిపించింది. ఎంతైనా కాపురం చేసింది కదా, మొగుడి సంగతి తెలీదా. దరి అంచున బోర్లా పడుకుని, "చెప్పు, ఏం చేసినావు దాన్ని?" అని తనే అరిచింది.

అప్పుడు చెప్పినాడు. ఎలుగ్గొడ్డు మీద పడిందంట. కుక్క అడ్డం పోయిందంట. వీడు చెట్టెక్కినాడంట. కుక్క చచ్చేదాకా కొట్లాడతా ఉంటే పైనుంచి చూస్తా కూసున్నాడంట. "దిగలేకపోయినా గురవా. సిగ్గేసి, పారిపోయిందని చెప్పినా" అన్నాడు. గురవడు ఏడస్తా లాగినాడు. ఈదమ్మ కూడా ఎనక నుంచి మోకు పట్టింది.

బయ్యన్న నడుముకు కట్టుకున్న సొరబుర్ర అడుగున కాస్త తేనె మిగిలింది. మొదటి చుక్క మైసమ్మకు పోస్తాం, రెండోది మనం నాకుతాం కదా. ఆ ఏడు రెండో చుక్క ఎవురూ నాకలేదు. ముగ్గురూ కుక్క చచ్చిన ఆ చెట్టు కాడికి పోయినారు, బయ్యన్న ఆ తేనెను తన చేత్తో చెట్టు మొదలు కాడ పోసినాడు, పులిగాడికి.

ఇప్పటికీ మన పెంటలో, అదే మన గూడెంలో, పిల్లను చూడబోతే, పిల్లకు తోడబుట్టినోడు ఉన్నాడా అని అడుగుతారు. నాకు లేడు. అందుకే నేను మా ముసలాయన్ని ఏనాడూ దరి దిగనియ్యలేదు, నలభై ఏండ్లుగా చెట్టు తొర్రల్లో తేనెతోనే సరిపెట్టుకున్నాడు. దానికి నన్ను ఇప్పటికీ తిడతానే ఉంటాడు. తిట్టనీ. ఎదురుగా కూసుని తిడతన్నాడు కదా.