సరిహద్దు రాయికి ఇవతల

చెల్లెలు గదిలోకి వచ్చేసరికి, బీరువాలో చీరల అడుగున దాచిన ఆమె పెళ్లి దరఖాస్తు అన్నయ్య చేతిలో ఉంది. అతను సర్వేయరు. కాగితం దొరికితే చివరి గీత దాకా చదవందే వదలడు. ఆమె గబుక్కున తలుపు వేసింది.

"శుక్రవారం పొద్దున పదింటికి, చెరువవతల నల్లబండ మీద పెళ్లా? ఆఫీసులో చేసుకోడానికేం రోగం?"

"ఆఫీసుకి ఎదురుగానే నాన్న కొట్టు. చూశాడంటే వీధిలోనే రచ్చ. రిజిస్ట్రారుగారు బండ దగ్గరికే వస్తానన్నారు. అంతా చట్టప్రకారమే అన్నయ్యా."

"చట్టం నాకు చెప్పకు. ఈ పెళ్లి చెల్లదు."

"నాన్నకి చెప్పేశావా?"

"నాన్న సంగతి తర్వాత. ఆ బండ ఎవరి హద్దులో ఉందో చూసుకున్నారా?"

"మన ఊరిదేగా!"

"సరిహద్దు రాయి బండకి ఇవతలే ఉంది. పాతించింది నేనే. బండెక్కారంటే పక్క ఊరి రిజిస్ట్రారు పరిధి. అక్కడ ఈయన సంతకం చిత్తుకాగితమే."

"ఆయనకీ తెలీదా?"

"వచ్చి నెల కాలేదు, ఆయనకేం తెలుసు? రాయికి పదడుగులు ఇవతలే నిలబడండి. అవునూ, మూడో సాక్షి గడి ఖాళీగా ఉందేం?"

"ఒప్పుకున్నాయన నాన్నకి జడిసి నిన్న తప్పుకున్నాడు."

అన్నయ్య జేబులోంచి పెన్ను తీసి ఆ గడిలో తన పేరు రాశాడు.

"టేపు పట్టుకుని నేనొస్తా. నాన్నతో కొలతల పని మీద వెళ్తున్నానంటా. అబద్ధమేం కాదుగా."