టీచరు గారు తొక్కే సైకిలు

సైకిళ్ళ షాపు, మధ్యాహ్నం పూట. బుద్ధెరిగాక రోడ్డు సైకిలు తప్ప ఇంకోటి ఎక్కని అక్క, ఇవాళ కొండ సైకిలు కొంటానని వచ్చి స్టూలు మీద బైఠాయించింది. చెల్లెలు పక్కన నిలబడి ఉంది, రాక తప్పలేదు కాబట్టి. షాపాయన ఇద్దరి మధ్యా ఇరుక్కున్నాడు.

"ఇవన్నీ కాదు బాబాయ్. టీచరు గారు తొక్కేది ఏదో, అది చూపించు."

"ఏ టీచరు గారమ్మా?"

"మా చెల్లి ఆదివారం వస్తే చాలు కొండెక్కుతుందిగా, ఆవిడతో కలిసి. చెప్పవే చిట్టీ, ఏ సైకిలు ఆవిడది?"

"నాకేం తెలుసక్కా. నల్లది."

"నల్లది! విన్నావా బాబాయ్? ఎదురుగా పోయేవాడి గేరు చప్పుడు విని కంపెనీ పేరు చెప్పే పిల్ల ఇది. ఇన్ని నెలలుగా పక్కన తొక్కుతూ, నల్లదట."

"పక్కన తొక్కడం ఉండదక్కా అక్కడ. దారి సన్నం. ఒకళ్ళ వెనక ఒకళ్ళు వెళ్ళాల్సిందే."

"ఓహో."

"ఓహో ఏంటి?"

"ఏం లేదులే. బాబాయ్, ఈ ఆకుపచ్చది ఎంత బరువుంటుంది?"

"ఎత్తి చూడమ్మా."

"అమ్మో! సైకిలా, గేదెనా ఇది?"

"దిగేటప్పుడు ఆ మాత్రం బరువుంటేనే మంచిదమ్మా. నేలని పట్టుకుని ఉంటుంది."

"మరి ఎక్కేటప్పుడు?"

"ఎక్కేటప్పుడు దేవుడున్నాడు."

"నీకు వేళాకోళంగా ఉంది. నా సైకిలు రెండు వేళ్ళతో లేపుతాను తెలుసా?"

"తెలియకేం, నేనే కదా ఇచ్చింది. అది రోడ్డుది. ఇది రాళ్ళలో పడి లేవాలి. రాసుకుని పైన రంగు పోయినా ఏమనుకోదు."

"సరే. టైర్లలో గాలేది? నొక్కితే లోపలికి పోతోంది."

"అంతే ఉండాలమ్మా."

"అంతే ఉండాలా! టైరంటే రాయిలా ఉండాలి బాబాయ్. పంపు తే, నేనే కొడతాను."

"అక్కా, వద్దు. మెత్తగా ఉంటేనే పట్టు దొరుకుతుంది. గట్టిగా కొడితే ప్రతి రాయి మీదా ఎగిరి పడతావు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేంటి, తెలుస్తుంది."

"టీచరు గారు చెప్పారా?"

"...ఊఁ."

"అనుకున్నా! టైరు గట్టిగా ఉండాలి, టైరు గట్టిగా ఉండాలి అని ఇన్నేళ్ళు నేను మొత్తుకుంటే ఏ ఒక్కరోజూ పంపు ముట్టుకోలేదు. ఆవిడ చెప్పింది మాత్రం వేదం."

"నువ్వు ముట్టుకోనిస్తేగా."

"ఏమన్నావు?"

"ఏం లేదు. సీటు చూసుకో."

"ఏం సీటిది, ఇంత కింద! మోకాళ్ళొచ్చి గడ్డానికి కొట్టుకుంటాయి."

"హ్యాండిల్ దగ్గర మీట ఉంది, నొక్కమ్మా. ఎక్కేటప్పుడు పైకి, దిగేటప్పుడు కిందికి."

"అబ్బో! మంగలి షాపు కుర్చీ లాగా ఉందే. ఆవిడది కూడా ఇలాగే దిగుతుందా చిట్టీ?"

"ఎవరిది?"

"ఎవరిదంటావేంటే! ఇందాకట్నుంచీ ఎవరి గురించి మాట్లాడుతున్నాను?"

"ఆఁ. దిగుతుంది."

"ఆవిడ ఎంత ఎత్తు ఉంటుంది?"

"నీ అంతే. కొంచెం పొట్టి."

"మొన్న పొడుగన్నావు."

"పొడుగేనక్కా. సైకిలెక్కితే పొట్టిగా కనబడుతుంది."

"చూశావా బాబాయ్? కొలతలు అడిగితే కూడా దాచుకుంటుంది. నేనేదో ఆవిడని ఎత్తుకుపోతానన్నట్టు."

"నన్ను లాగకండమ్మా. నేను లోపలికెళ్ళి ఈ సైజులో ఇంకోటి ఉందేమో చూసొస్తా."

షాపాయన లోపలికి వెళ్ళాడు. వెళ్ళినవాడు చాలాసేపు రాలేదు.

"నీకసలు ఈ సైకిలు ఎందుకక్కా? రాళ్ళంటే నీకు పడదు. మట్టంటే పడదు. గొలుసుకి దుమ్ము పట్టిందని పళ్ళు తోముకునే బ్రష్షుతో కడుగుతావు."

"ఏం, నేను కొండెక్కకూడదా? ఆ కొండ టీచరు గారి సొత్తా?"

"నేనలా అన్నానా?"

"అనక్కర్లేదు. నిన్న ఫోన్లో ఫొటోలు చూపించావు. కొండ, చెట్లు, నీ సైకిలు, నీ బూటు. ఒక్కదాంట్లోనూ ఆవిడ లేదు. చూపిస్తే కళ్ళు పోతాయా నావి?"

"ఆవిడకి ఫొటోలంటే సిగ్గు."

"సిగ్గు! ఆవిడకి సిగ్గట. నాకు సిగ్గులేక ఇక్కడికొచ్చి కూర్చున్నాను. ఒసే, నేను పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తూ కూర్చుంటానా? ఈమధ్య మా షాపుకి కళ్ళు చూపించుకోవడానికి ఏ టీచరమ్మ వచ్చినా ముందు అడిగే మాట ఏంటో తెలుసా? 'సైకిలు తొక్కుతారాండీ?' అని. నిన్నొకావిడ, డెబ్భై ఏళ్ళ మనిషి, కర్ర పట్టుకుని వచ్చింది. ఆవిడనీ అడిగాను. మా ఓనరు నా వంక అదోలా చూశాడు."

"అయ్యో అక్కా."

"అయ్యో గియ్యో అనకు. జాలి పడకు నా మీద, ఒళ్ళు మండుతుంది."

"పదిమందితో తొక్కే క్లబ్బులున్నాయిగా. నువ్వు వాళ్ళతో వెళ్ళొచ్చుగా."

"నాకు పదిమంది ఎందుకే? ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. పోయిన ఆదివారం, ముందురోజంతా వాన. నువ్వు ఇంటికొస్తే తలుపు తీసింది నేనే. కాళ్ళ నిండా బురద, వీపు నిండా బురద. మొహం మాత్రం కడిగిన ముత్యంలా ఉంది."

"అయితే?"

"అయితేనా! నా వెనకాల ఎనిమిదేళ్ళు తొక్కావు. వానాకాలంలో ఏనాడైనా నీ మొహం శుభ్రంగా ఉందా? నా వెనక చక్రం చిమ్మిన మురికంతా నీ మొహాన్నే. కళ్ళజోడు తీస్తే రెండు సున్నాలు తెల్లగా. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని ఇద్దరం నవ్వుకునేవాళ్ళం."

"నువ్వు నవ్వేదానివి."

"నువ్వు నవ్వలేదా?"

"నా నోట్లో మట్టి ఉండేదక్కా."

"ఉండు, ఉండు."

"ఏమయ్యింది?"

"ఏం కాలేదు. నాకిప్పుడు అర్థమైంది. మొహాన బురద లేదంటే నీ ముందు ఎవరూ లేరు. అంటే ఆవిడ నిన్ను ముందు పోనిస్తోంది. అంతేనా?"

"అక్కా, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"అంతేనా కాదా?"

"అవును. ముందు నేనే."

"అదీ సంగతి! ముందు పోనిచ్చి బుట్టలో వేసుకుంది. అంత తేలికని తెలిస్తే నేనూ పోనిచ్చేదాన్నిగా. ఒక్కసారన్నా అడిగావా నన్ను?"

"అడిగాను."

"ఎప్పుడు?"

"ఏటి గట్టు రోడ్డు మీద. ఆ మూల తిరగ్గానే ఎదురుగాలి కొడుతుందే, అక్కడ. కాసేపు నేను ముందుంటానక్కా అన్నాను. గాలంటే నీకు తెలీదే, నా చాటున ఉండు అన్నావు."

"నీ మంచికే అన్నాను."

"నీ మంచికే అని కూడా అన్నావు."

"మరి కాదా? గాలంతా నేను మింగి నిన్ను లాక్కొచ్చాను. నీకు ఆయాసం రాకుండా చూశాను. అదీ తప్పేనా?"

"తప్పని ఎవరన్నారు? నీ చాటున హాయిగానే ఉండేది. కానీ అక్కా, ఆ రోడ్డు పక్కన ఏరుందని నాకు తెలీదు. నీతో వందసార్లు వెళ్ళాను, ఏరు చూడలేదు. నీ చక్రం మీంచి కళ్ళు తీస్తే గుద్దేస్తాను కదా. మొన్నెప్పుడో బస్సులో వెళ్తూ చూశాను. కొంగలున్నాయి."

"కొంగలు చూస్తానంటే ఆపేదాన్ని కాదా?"

"నువ్వు ఆపుతావు. కొంగలు చూపిస్తావు. చూడటం అయ్యాక, ఇక పద అంటావు."

"ఇంకేం అనమంటావు మరి?"

"అదే చెప్తున్నా. ఏమీ అనొద్దు."

"ఆవిడ ఏమీ అనదా?"

"...అనదు."

"ఒక్క మాట కూడా?"

"ఒక్క మాట కూడా."

"ఏం మనిషే బాబూ! ఎలా ఉంటుందో ఆవిడ, నాకు కళ్ళారా చూడాలనుంది. నిజం చెప్పనా చిట్టీ? నాకు కుళ్ళుగా ఉంది. ఈ వయసులో, సొంత చెల్లెలి స్నేహితురాలి మీద. ఆదివారం తెల్లారి నువ్వు చప్పుడు కాకుండా బూట్లు వేసుకుంటావు చూడు, నేను దుప్పట్లో మేలుకునే ఉంటాను. గేటు పడిన చప్పుడు విన్నాకే లేస్తాను."

"నిద్రపోతున్నావనుకున్నాను."

"ఏం నిద్రే! లేచి నేనూ రోడ్డెక్కుతాను, ఏం చేస్తాం. గొయ్యి వచ్చిందనుకో, అలవాటు కొద్దీ చెయ్యి కిందికి చాపి చూపిస్తాను, వెనకవాళ్ళు జాగ్రత్త పడాలి కదా అని. చూపించాక గుర్తొస్తుంది, వెనకాల ఎవరూ లేరని. మొన్న ఒక కుక్క ఉంది. దానికి చూపించాను."

"అక్కా..."

"నవ్వకు."

"నవ్వట్లేదు."

"ఏడవకు కూడా. బాబాయ్! ఓ బాబాయ్! లోపలే కాపురం పెట్టావా?"

"వస్తున్నా వస్తున్నా. ఈ సైజులో ఇంకోటి లేదమ్మా, ఆ ఆకుపచ్చదే ఉంది. కొండలో నీకు అది సరిపోతుంది."

"దాన్నే తీసుకుంటాను. టైర్లు మెత్తగానే ఉంచు. సీటు కిందికే ఉంచు. అన్నీ ఆ టీచరు గారు చెప్పినట్టే ఉండనీ."

"ఇంతకీ ఎవరమ్మా ఆవిడ? ఈ చుట్టుపక్కల కొండెక్కే వాళ్ళు ఎవరైనా సరే, పంచరు పడితే నా దగ్గరికి రావాల్సిందే. టీచరమ్మ ఎవరూ నాకు తగల్లేదే."

"ఆవిడ... ఆవిడకి పంచర్లు పడవు బాబాయ్."

"చూడు చూడు, ఎంత వెనకేసుకొస్తుందో! ఆవిడ టైరు కూడా మంచిదే. నా టైరుకే మేకులు దిగుతాయి."

"అక్కా, ఈ సైకిలు ఇవాళ వద్దు. ఇంకోరోజు చూద్దాం."

"ఎందుకు వద్దు?"

"నీకు నచ్చదు ఆ దారి. నడుం పట్టేస్తుంది. నువ్వు పడితే ఎవరు లేపుతారు?"

"మీరిద్దరు ఉంటారుగా! ఒకరు కాకపోతే ఒకరు లేపరా?"

"అది కాదక్కా..."

"నన్ను రావద్దంటున్నావు. సూటిగా చెప్పు, ఏం పోయింది."

"నేనలా అనట్లేదు."

"అంటున్నావు. సరే, నేనే దిగొస్తాను. విను. ఈ ఆదివారం నేనూ మీతో వస్తాను. ముందు ఉండను. మధ్యలో కూడా ఉండను. నువ్వు ముందు, నీ వెనక ఆవిడ, అందరికంటే వెనక నేను. మీరిద్దరూ లేపిన దుమ్మంతా నేనే తింటాను. గొయ్యి చూపించను. గాలి ఎటు నుంచి వస్తోందో చెప్పను. కొంగలు కనబడినా నోరెత్తను. ఇంకా ఏం కావాలే నీకు?"

"అక్కా, బతిమాలకు. నాకు భయమేస్తోంది."

"ఆవిడ ఒప్పుకోదా? ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను. మర్యాదగానే మాట్లాడతాను, ఒట్టు."

"చెయ్యలేను."

"ఎందుకు చెయ్యలేవు?"

"ఆవిడ లేదక్కా."

"లేదా? ఊరెళ్ళిందా?"

"ఊరెళ్ళలేదు. అసలు లేదు. ఒక్కదాన్నే వెళ్తానంటే నువ్వు తోడొస్తానంటావని, ఆ టీచర్ని నేనే పుట్టించాను."